మెడలోని రక్తనాళాన్ని ఎలా మూశారు: నా కెరోటిడ్ శస్త్రచికిత్స అనుభవం

మెడలోంచి మెదడుకు రక్తం తీసుకువెళ్లే కెరోటిడ్ ధమనికి శస్త్రచికిత్స అనగానే అందరూ లోపల పేరుకున్న కొవ్వు పూడికను తీయడం గురించే మాట్లాడతారు. తీసిన తరువాత ఆ నాళాన్ని ఏ పద్ధతిలో మూస్తారన్నది కూడా రోగి అడిగి తెలుసుకోవలసిన విషయమేనని నాకు ఆపరేషనుకు ముందే తెలియడం వల్ల చాలా మేలు జరిగింది.

నేను శ్రీకాకుళంలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయినిగా పదవీ విరమణ చేశాను. ఒక ఉదయం ఎడమ కంటికి పైనుంచి నలుపు కమ్ముకుంటూ వచ్చి చూపు పోయింది, కొద్ది నిమిషాలకే తిరిగి వచ్చింది. తరువాత కుడి చెయ్యి కాసేపు పట్టు తప్పింది. రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ పరీక్షలోనూ, రక్తనాళాలను చూపే సీటీ యాంజియో స్కానులోనూ ఎడమ కెరోటిడ్ 70 శాతానికి మించి పూడినట్లు తేలడంతో మా వైద్యుడు ఆలస్యం చేయవద్దని గట్టిగా చెప్పారు. ఇలాంటి లక్షణాలు కనిపించిన రెండు వారాల లోపల చేస్తేనే ఈ ఆపరేషన్ వల్ల ఎక్కువ ప్రయోజనం ఉంటుందట. తమ్ముడిని వెంటబెట్టుకొని ఆమదాలవలసలో రైలెక్కి విశాఖపట్నం వెళ్లాను.

ఆపరేషన్ అవసరమా అన్న ప్రశ్నకు సర్జన్ 1991లో వెలువడిన ఉత్తర అమెరికా అధ్యయనాన్ని చూపించారు. నాలాగా లక్షణాలు కనబడి, పూడిక 70 నుంచి 99 శాతం ఉన్నవారిలో మందులు మాత్రమే వాడినప్పుడు రెండేళ్లలో పూడిక ఉన్న వైపు మెదడు దెబ్బతిని పక్షవాతం 26 శాతం మందికి రాగా, శస్త్రచికిత్స జరిగినవారిలో 9 శాతం మందికే వచ్చిందట. లెక్కలు చెప్పిన మనిషిని కాబట్టి ఆ ప్రశ్న నాకు అక్కడితో తీరిపోయింది.

మూసే పద్ధతి విషయం మాత్రం అంత సులువుగా తేలలేదు. నాళాన్ని నిలువుగా కోసి, పూడికను ఒలిచి, అంచుకు అంచు కలిపి నేరుగా కుట్టేయడం అన్నిటికన్నా త్వరగా అయ్యే పద్ధతి. కానీ బిగుతైన రవికెను విప్పి మళ్లీ అదే గుడ్డతో కుడితే మరింత బిగుతైనట్లు, కుట్టులోకి పోయిన మేరకు నాళం సన్నబడుతుంది. ఆడవారి ధమనులు సహజంగానే సన్ననివి కావడం వల్ల వారిలో మళ్లీ ఇరుకయ్యే అవకాశం ఎక్కువ. అందుకే కోసిన చోట ఒక అతుకు వేసి నాళాన్ని వెడల్పు చేయడం, అంటే ప్యాచ్ వేయడం, మంచిదని ఇప్పటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎవర్షన్ అనే మూడో పద్ధతిలో లోపలి కెరోటిడ్‌ను, అంటే మెదడుకు వెళ్లే శాఖను, మొదలు దగ్గర ఏటవాలుగా తెంచి, దాని పై పొరలను వెనక్కి మడుస్తూ పూడికను బయటకు లాగి, తిరిగి అక్కడే కుడతారు. దానికి ప్యాచ్‌తో పని లేదు. నా పూడిక పైకి చాలా దూరం పాకినందువల్ల దాని చివర కంటికి స్పష్టంగా కనబడాలని, ప్యాచే మేలని సర్జన్ అభిప్రాయపడ్డారు.

ఇక దేనితో అతకాలి? తొడలోని సిరను వాడవచ్చు, కానీ ఏళ్ల తరబడి నల్లబల్ల ముందు నిలబడిన నా కాళ్ల సిరలు ఉబ్బిపోయి అందుకు పనికిరాకుండా ఉన్నాయి. రెండోది పశువు గుండె చుట్టూ ఉండే పొరను శుద్ధిచేసి తయారుచేసిన ప్యాచ్. కుట్లలో రక్తం ఊరడం తక్కువని, కుట్టడానికి అనువుగా ఉంటుందని దానికి పేరు. ఆ మాట వినగానే తమ్ముడి ముఖం మారింది. "అక్కా, నీ ఇష్టం. కానీ అమ్మకు మాత్రం చెప్పకు" అన్నాడు. నాకు పెద్దగా పట్టింపు లేదు, అయినా సంతకానికి ముందే ఈ సంగతి రోగికి చెప్పాలన్నది నా గట్టి అభిప్రాయం. "టీచరుగారూ, వీటి ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు, మీకు మనసుకు నచ్చినదే వేద్దాం" అని సర్జన్ అనడంతో డాక్రాన్ అనే కృత్రిమ వస్త్రానికి ఒప్పుకున్నాను.

మెడకు మాత్రమే మత్తు ఇచ్చారు. పూర్తి మత్తుతో పోలిస్తే ఫలితాల్లో తేడా లేదని 3,500 మందికి పైగా రోగులతో జరిపి 2008లో ప్రచురించిన అధ్యయనం తేల్చిందని మత్తు డాక్టరు చెప్పారు. రక్తం ఆగేలా నాళాన్ని క్లాంపులతో బిగించిన తరువాత నా కుడిచేతిలో పెట్టిన పిల్లల బొమ్మను నొక్కి కూత వేయించమంటూ ఉన్నారు. ఆ కూత ఆగితే మెదడుకు రక్తం చాలడం లేదని గ్రహించి రక్తాన్ని తాత్కాలికంగా మెదడుకు పంపే షంట్ గొట్టం పెడతారట. నా విషయంలో అది అవసరం కాలేదు.

తరువాతి రెండు రోజులూ వారి ధ్యాసంతా నా బీపీ మీదే ఉంది. చాలాకాలం తక్కువ రక్తానికి అలవాటుపడిన మెదడులోకి ఒక్కసారిగా ఎక్కువ రక్తం పోతే తలనొప్పి, మూర్ఛ, అరుదుగా రక్తస్రావం కూడా రావచ్చట. చెవి తమ్మె మొద్దుబారింది, పెదవి మూల కొద్దిగా వంగింది. పెదవి కొన్ని వారాల్లో సర్దుకుంది, తమ్మెకు మాత్రం ఇంకా స్పర్శ పూర్తిగా రాలేదు.

ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు జీవితాంతం వాడాలి. డాప్లర్ పరీక్షలను ఇప్పుడు శ్రీకాకుళంలోనే చేయించుకుంటున్నాను. మొదటి రెండేళ్లలో మళ్లీ ఇరుకైతే అది సాధారణంగా గాయం మానే క్రమంలో లోపలి పొర మందమవడం వల్లనేనని, ఆ తరువాత వచ్చేది కొత్తగా పేరుకున్న కొవ్వు వల్లనని చెప్పారు. డిశ్చార్జి కాగితంలో మొదట "ప్యాచ్‌తో మూయబడినది" అని మాత్రమే ఉంటే, అది డాక్రాన్ అని కూడా అడిగి రాయించుకున్నాను. కృత్రిమ ప్యాచ్‌కు ఇన్ఫెక్షన్ అరుదే అయినా ఏళ్ల తరువాత కూడా రావచ్చు కాబట్టి, మెడలో వాపో చీమో కనబడితే అప్పుడు నన్ను చూసే డాక్టరుకు ఆ ఒక్క మాట అవసరమవుతుంది.