పరీక్ష మధ్యలో పేషెంటు హద్దు దాటితే

డాక్టరు కుర్చీలో కూర్చున్న మనిషికి పేషెంటు నుంచి ఏం ముప్పు అని చాలామంది అనుకుంటారు. 1993లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక సర్వే వచ్చింది. కెనడాలోని ఒంటారియోలో ఫ్యామిలీ డాక్టర్లుగా ఉన్న మహిళల్లో జవాబిచ్చినవారిని లెక్క తీస్తే, నాలుగింట మూడు వంతులకు పైగా ఎప్పుడో ఒకప్పుడు పేషెంట్ల లైంగిక వేధింపు ఎదుర్కొన్నవాళ్లే. అదీ ఎక్కువగా సొంత క్లినిక్‌లో, తమ దగ్గరికి మామూలుగా వచ్చే పేషెంట్ల నుంచే. మగ డాక్టర్లకూ ఇది తప్పదు, కాకపోతే వాళ్లు బయటికి చెప్పడం ఇంకా తక్కువ.

ముందు గది సంగతి చూడాలి. పేషెంటుకు కుడి పక్కన నిలబడి పరీక్షించడం డాక్టర్లమైన మనకు నేర్పిన పద్ధతి. ఆ కుడి పక్క గది మూలకు పడిందంటే, పేషెంటు లేచి కూర్చున్న క్షణంలో డాక్టరు మూలలో చిక్కినట్టే. అందుకే కుడి పక్క తలుపు వైపు ఉండేలా మంచం తిప్పించండి. పొట్ట చూసేటప్పుడు పేషెంటు కుడి చెయ్యి సరిగ్గా మన తొడల పక్కనే ఉంటుంది. "రెండు చేతులూ ఛాతీ మీద పెట్టుకోండి" అని ముందే చెప్తే సగం "పొరపాటు" తాకిళ్లు ఆగిపోతాయి. బీపీ చూసేటప్పుడు పేషెంటు చేతిని మన నడుముకు ఆనించుకోకుండా బల్ల మీద గుండె ఎత్తులో పెట్టించాలి. రీడింగు కూడా సరిగ్గా వస్తుంది.

తోడుగా పిలిచిన నర్సు కర్టెన్ బయట నిలబడితే లాభం లేదు. చేతులు కనిపించేంత దగ్గరగా, లోపలే ఉండాలి. పేషెంటు బంధువు ఈ పనికి పనికిరారు.

ఇక పేషెంటు నోట అసభ్యమైన మాట రానే వచ్చిందనుకోండి. చేతులు తీసేసి, ఒక అడుగు వెనక్కి వేసి, మామూలు గొంతుతో చెప్పాలి: "అలాంటి మాటలు ఇక్కడ కుదరవండి. నొప్పి ఎక్కడో చెప్పండి." అంతే. సంజాయిషీ వద్దు, ముఖ్యంగా నవ్వొద్దు. ఇబ్బందితో నవ్విన నవ్వును ఒప్పుకోలుగా తీసుకుని, తర్వాతిసారి అక్కడి నుంచే మొదలుపెడతారు. రెండోసారి అంటే, "పరీక్ష ఆపేస్తున్నాను" అని బయటికి వచ్చేయడమే. కావాలని ఒంటి మీద చెయ్యి వేస్తే ఆ మొదటి హెచ్చరిక కూడా అక్కర్లేదు.

కాథెటర్ (మూత్రం పోవడానికి పెట్టే గొట్టం) వేసేటప్పుడో మర్మాంగాలు పరీక్షించేటప్పుడో అంగం గట్టిపడటం మాత్రం శరీరం తనంతట తాను చేసే పని. అది వేధింపు కాదు. "ఇది మామూలేనండి" అని కప్పి, కాసేపాగి కొనసాగించవచ్చు. వచ్చిన జబ్బుకు సంబంధం లేకుండా అదే పరీక్ష చేయమని పట్టుబట్టడం, అడగకుండానే బట్టలు విప్పి చూపించడం వేరే లెక్క.

ఎప్పుడూ మర్యాదగా ఉండే పెద్దాయన హఠాత్తుగా ఇలా మారితే జబ్బు కోసం కూడా వెతకాలి. డెలీరియం (జబ్బు వల్ల హఠాత్తుగా మతి తప్పడం), ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా (ప్రవర్తనను మార్చేసే ఒక రకం మతిమరుపు జబ్బు), మేనియా (అదుపు తప్పిన ఉద్రేకం), తలకు దెబ్బ, పార్కిన్సన్స్‌కు ఇచ్చే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులు, ఏవైనా కారణం కావచ్చు. మందు మార్చాల్సి రావచ్చు. అయినా ఆ గదిలోకి ఎవరినీ ఒంటరిగా పంపకూడదు. కారణం తెలిసినంత మాత్రాన నర్సుకు జరిగేది తగ్గదు.

కేస్ షీట్‌లో "అసభ్యంగా ప్రవర్తించాడు" అని రాస్తే రేపు దానికి విలువుండదు. ఎన్ని గంటలకు, ఏ పరీక్ష చేస్తుండగా, ఏ చెయ్యి ఎక్కడ తగిలింది, పేషెంటు అన్న మాట ఉన్నదున్నట్టు, మనం ఏం చెప్పాం, పక్కన ఎవరున్నారు, ఇవన్నీ అదే రోజు రాయాలి. ఎంత బూతయినా ఆ మాటను మార్చకూడదు. ఆసుపత్రికి ఇచ్చే ఫిర్యాదు వేరే కాగితం మీద ఉండాలి.

ఎమర్జెన్సీలో వైద్యం ఆపలేం, ఇంకొకరికి అప్పగించాలి. మామూలు ఫాలోఅప్ అయితే వేరే డాక్టరు దొరికేదాకా సరిపడా మందులు రాసిచ్చి, ఇక చూడలేమని రాతపూర్వకంగా చెప్పవచ్చు.

అన్నిటికంటే బాధపెట్టేది రౌండ్స్‌లో జరిగేది. పేషెంటు హౌస్ సర్జన్‌ను ఏదో అంటాడు, యూనిట్ చీఫ్ విననట్టు తర్వాతి మంచం దగ్గరికి వెళ్లిపోతారు. చుట్టూ ఉన్న పదిమందీ ఆ మౌనం నుంచే నేర్చుకుంటారు. చీఫ్ ఆ మంచం దగ్గరే, పేషెంటు ముఖం చూస్తూ, "ఆమె మీ డాక్టరు, మర్యాదగా మాట్లాడండి" అనాలి. తర్వాత కారిడార్‌లో ఓదారిస్తే ఆ లోటు తీరదు. ఆమెను ఆ కేసు నుంచి తప్పించే ముందు ఆమెనే అడగాలి. నేర్చుకోవాల్సిన కేసు చేజారితే శిక్ష పడింది ఆమెకే.