ఎన్నాళ్ల కోరికో

ఎన్నో ఏళ్లుగా అనుకుంటున్న .44 మాగ్నమ్ రివాల్వర్ ఈ వారం నా కలెక్షన్‌లో చేరింది. స్మిత్ అండ్ వెసన్ మోడల్ 29. చేతిలోకి తీసుకోగానే ముందు తెలిసింది బరువు. దీని ముందు నా మిగతా పిస్టళ్లన్నీ బొమ్మల్లా అనిపించాయి. నల్లటి ఉక్కు మీద నీలపు మెరుపు, చెక్క పిడి. హ్యామర్ వెనక్కి లాగితే సిలిండర్ ఒక్క గది జరిగి 'టిక్'మని కుదురుకుంటుంది. ఖాళీగా ఉందని చూసుకుని, ఆ చప్పుడు కోసమే మళ్లీ మళ్లీ లాగాను.

ఇందులో వాడే .44 మాగ్నమ్ తూటా 1955లో వచ్చింది. తుపాకుల గురించి రాసే అమెరికన్ రచయిత ఎల్మర్ కీత్, అంతకుముందున్న .44 స్పెషల్ అనే తూటాలో తుపాకిమందు పెంచి ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాల ఫలితం ఇది. పాత .44 స్పెషల్ రివాల్వర్లలో పొరపాటున కూడా పట్టకూడదని దీని కేసును (మందు నింపే లోహపు తొడుగును) కాస్త పొడవుగా చేశారు. ఎంత ముందుచూపో! అన్నట్టు, పేరులో .44 ఉన్నా గుండు వ్యాసం 0.429 అంగుళమే.

షూటింగ్ రేంజ్‌లో ముందు .44 స్పెషల్ తూటాలే పేల్చాను, ఇందులో అవి కూడా పడతాయి. తర్వాత మాగ్నమ్, ఒక్కటే లోడ్ చేశాను. చెవులకు మఫ్స్ ఉన్నా ఆ శబ్దం ఛాతీకి తగిలింది. గొట్టం పైకి లేచింది, అరచెయ్యి మండింది. ఇంకొకటి లోడ్ చేసి రెండోసారి ట్రిగ్గర్ నొక్కేలోపే నా మణికట్టు ముందే బిగుసుకుపోయి, గుండు గురికి బాగా కింద తగిలింది. మళ్లీ స్పెషల్‌కి వచ్చేశాను. ఆ బెదురు పోయేదాకా ఇలాగే సాధన చేస్తాను, తొందరేం లేదు.

ఇంటికొచ్చి శుభ్రంగా తుడిచి, నూనె రాసి, ఆరు గదులూ మరోసారి చూసుకుని సేఫ్‌లో పెట్టి తాళం వేశాను. అరచేతిలో ఆ అదురు ఇంకా తెలుస్తూనే ఉంది.