ఖైబర్ ఆఫీసర్ తల్లి పేరు కోసం

ఇంటర్ పిల్లలకు మొదటి ఆఫ్ఘన్ యుద్ధం చెప్పేటప్పుడు ఏటా అవే నాలుగు వాక్యాలు చెప్పేదాన్ని. 1842 జనవరిలో కాబూల్ ఖాళీ చేసి వెనుదిరిగిన బ్రిటిష్ దండులో సుమారు 4,500 మంది సైనికులు, వాళ్ల వెంట 12,000 మంది పరివారం. చలి, ఆకలి, కొండల మీంచి తుపాకీ గుళ్లు. గండమక్ దగ్గర చివరి గుంపు కూలిపోయింది, డాక్టర్ బ్రైడన్ ఒక్కడే గుర్రం మీద జలాలాబాద్ చేరాడు, మిగిలినవాళ్లు కొందరు బందీలుగా బతికారు. ఈలోపు బెల్ కొట్టేవారు.

రిటైరయ్యాక ఒక రాత్రి నిద్ర పట్టక ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో సర్ రాబర్ట్ వార్‌బర్టన్ జ్ఞాపకాలు తెరిచాను. 'ఎయిటీన్ ఇయర్స్ ఇన్ ది ఖైబర్' అనే ఆ పుస్తకం ఆయన పోయాక 1900లో అచ్చయింది. 1879 నుంచి 1897 దాకా ఖైబర్ కనుమకు ఆయనే పొలిటికల్ ఆఫీసర్, అంటే అక్కడి తెగలతో బ్రిటిష్ ప్రభుత్వం తరఫున వ్యవహారం నడిపే అధికారి. అక్కడి తెగల మనుషులతోనే కట్టిన ఖైబర్ రైఫిల్స్ ఆయన కనుసన్నల్లో నడిచింది. మొదట్లో ఆ దళాన్ని జెజైల్చీలు అనేవారు, జెజైల్ అంటే పొడవాటి గొట్టం ఉన్న నాటు తుపాకీ. ఆయన పుట్టింది 1842 జూలై 11న, జగ్దలక్‌కూ గండమక్‌కూ మధ్య ఘిల్జాయ్ అనే పఠాన్ తెగ వాళ్ల కోటలో.

గండమక్ అన్న పేరు దగ్గర ఆగిపోయాను. దండు కూలిన దారిలో, ఆర్నెల్లు తిరక్కుండా, ఒక తల్లి బిడ్డను కన్నది. ఆఫ్ఘన్ అమీర్ కొడుకు అక్బర్ ఖాన్ మనుషులు వెతుకుతుంటే ఆమె నెలల తరబడి చోటు మారుస్తూ దాక్కుంది. ఆమె ఆ అమీర్ దోస్త్ మహమ్మద్‌కే మేనకోడలు వరస. కాబూల్‌లో 1840 నవంబరులో ఈస్టిండియా కంపెనీ ఫిరంగి దళమైన బెంగాల్ ఆర్టిలరీలోని అధికారిని పెళ్లి చేసుకుంది. బిడ్డ పుట్టేనాటికి ఆ భర్త కాబూల్‌లో బందీ. ఇన్నేళ్లు పాఠం చెప్పాను, ఆ దారిలో ఒక నిండు గర్భిణి ఉందన్న సంగతే నాకు తెలియదు.

లండన్‌లో అబ్బాయి దగ్గర ఆరు నెలలు ఉండటానికి వెళ్లినప్పుడు ఈ కుటుంబ చరిత్ర పట్టుకుందామని బయలుదేరాను. బ్రిటిష్ లైబ్రరీలో రీడర్ పాస్ కావాలి. గుర్తింపుకి పాస్‌పోర్టు సరే, ఇంటి చిరునామా రుజువు దగ్గర టెన్షన్ పడ్డాను. మా ఇంట్లో కరెంటు బిల్లు, ఇంటి పన్ను అన్నీ మావారి పేరు మీదే. చివరికి నా పెన్షన్ పడే ఖాతా స్టేట్‌మెంట్ పట్టుకెళ్తే పని అయింది.

పెన్ను లోపలికి తీసుకెళ్లకూడదు, పెన్సిలే. కోటు, సంచీ లాకర్‌లో పెట్టి, కావలసినవి మాత్రం లోపల ఏముందో కనిపించే ప్లాస్టిక్ కవర్‌లో పట్టుకుని పోవాలి. పాత పుస్తకం వీపు విరగకుండా స్పాంజి దిమ్మల మీద ఆనించి తెరవాలి. పేజీ మూసుకుపోకుండా అడ్డంగా వేయడానికి గుడ్డలో బరువు పూసలు కుట్టిన తాడు ఇస్తారు. అది చల్లగా, పాములా మెత్తగా ఉంటుంది. మొదటి రోజు దాన్ని పేజీ మీద వేయడానికే చెయ్యి వణికింది.

అక్కడ ఇండియా ఆఫీసు, అంటే లండన్ నుంచి మన దేశ పాలన చూసిన ప్రభుత్వ శాఖ, రికార్డుల పద్ధతి తెలిస్తే సగం పని అయినట్టే. బాప్టిజాలు, పెళ్లిళ్లు, ఖననాలు ఎన్ వరసలో ఉంటాయి: ఎన్/1 బెంగాల్, ఎన్/2 మద్రాసు, ఎన్/3 బొంబాయి. సైన్యం కాగితాలు ఎల్/ఎంఐఎల్ వరసలో ఉంటాయి. అందులో 9వ నంబరు కంపెనీ క్యాడెట్ల దరఖాస్తులు, 10వది బెంగాల్ అధికారుల సర్వీసు వివరాలు. దరఖాస్తుకు జతచేసిన బాప్టిజం సర్టిఫికెట్టు, చదువు వివరాలు వంశం వెతికేవాళ్లకు బంగారం. మన మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన దొరల గురించి వెతికేవాళ్లు నేరుగా ఎన్/2కి వెళ్లండి. లండన్ రాలేనివాళ్లకు బ్రిటిష్ ఇండియా కుటుంబాల చరిత్ర వెతికే ఫైబిస్ (FIBIS) అనే సంఘం వాళ్ల ఉచిత డేటాబేస్ ఉంది. నేనైతే రాత్రిళ్లు దాంతోనే గడిపాను.

నేను చేసిన పెద్ద తప్పు ఏమిటంటే, తండ్రి పేరూ రాబర్ట్ వార్‌బర్టనే అన్న సంగతి పట్టించుకోకపోవడం. పది రోజుల పాటు తండ్రి సర్వీసును కొడుకు ఖాతాలో రాసేశాను. తండ్రిది కంపెనీ వారి బెంగాల్ ఆర్టిలరీ. కొడుకు ముస్సోరీలో, తర్వాత లండన్ కెన్సింగ్టన్‌లో చదివి, కంపెనీ సైనిక కాలేజీ ఆడిస్కాంబ్‌లో చేరేసరికి అది మూతపడే రోజులు. వూల్‌విచ్ సైనిక అకాడమీకి మారి 1861 డిసెంబరులో బ్రిటిష్ ప్రభుత్వ ఫిరంగి దళమైన రాయల్ ఆర్టిలరీలో చేరాడు. ఆ రెండు దళాల పేర్లు పక్కపక్కన పెట్టుకుని చూస్తే తప్ప చిక్కు విడలేదు. నోట్సు రెండు పేజీలు కొట్టేసి మళ్లీ రాశాను.

తల్లి దగ్గర అసలు కష్టం మొదలైంది. కంపెనీ రికార్డుల్లో భారతీయ, ఆఫ్ఘన్ తల్లుల పేర్లు చాలాచోట్ల కనిపించవు, ఉన్నా ఒట్టి క్రైస్తవ పేరు ఒక్కటే ఉంటుంది. వంశవృక్షాలు పెట్టే ఒక సైట్‌లో ఎవరో ఈ కుటుంబాన్ని ఎక్కించారు. తండ్రి, తాత, ముత్తాత అందరూ ఉన్నారు, తల్లి గడిలో మాత్రం 'తెలియదు'. ఆ మాట చూసి నాకు చాలా బాధ వేసింది.

"అత్తయ్యా, మీరు ఒక్క స్పెల్లింగ్‌తోనే వెతుకుతున్నారు" అంది మా కోడలు వంటింట్లోంచి. నిజమే. తల్లి పేరులో జహాన్ అని ఒకచోట, జెహాన్ అని ఒకచోట రాశారు. ఖైబర్‌కీ అంతే, పాత పుస్తకాల్లో ఖైబార్ అని కూడా ఉంటుంది. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని ఒక్కో స్పెల్లింగూ కొట్టి చూశాం. షాజహాన్ బేగం పేరు ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. 1842 సెప్టెంబరులో బ్రిటిష్ సైన్యం మళ్లీ కాబూల్ చేరాక, 20వ తేదీన ఆమె భర్తను కలిసింది. అంటే రెండు నెలలు దాటిన బిడ్డను తండ్రి అప్పుడు చూశాడన్నమాట.

తల్లిని వదిలేసి ఈ కొడుకు వార్‌బర్టన్‌ని అర్థం చేసుకోలేమని నా నమ్మకం. 1866లో ఆగ్రా అండ్ మాస్టర్‌మన్స్ బ్యాంకు మునిగిపోయింది. అతనికి జీతం తప్ప ఏమీ మిగల్లేదు, పైగా తల్లిని పోషించాలి. అందుకే ఫిరంగి దళం వదిలి పంజాబ్ పదాతిదళానికి, అక్కణ్నించి పెషావర్ సరిహద్దు ఉద్యోగానికి వెళ్లాడు. పర్షియన్, పష్తో ధారాళంగా వచ్చు. ఖైబర్‌లోని అఫ్రీదీ తెగ పెద్దలతో దుబాసీ లేకుండా కూర్చుని మాట్లాడగలిగిన తెల్ల అధికారులు ఎంతమంది? సామ్రాజ్యానికి కొలువు చేసినవాడే, ఆ సంగతి నేను మరిచిపోను. కానీ 1897 జూలైలో 55 ఏళ్లు నిండి ఆయన దిగిపోతే, ఆగస్టు ఆఖరుకల్లా అఫ్రీదీలు లేచి కనుమలోని ఠాణాలన్నీ పట్టేసుకున్నారు. పద్దెనిమిదేళ్ల కష్టం వారం రోజుల్లో పోయింది. 1899 ఏప్రిల్‌లో కెన్సింగ్టన్‌లో చనిపోయాడు.

ఆయన్ని పాతిపెట్టిన లండన్ బ్రాంప్టన్ శ్మశానానికి కూడా వెళ్లాం. రెండు లక్షల మందికి పైగా పాతిపెట్టిన చోటది. వానలో గంటన్నర తిరిగాం, రాయి దొరకలేదు. మనవరాలి బూట్లు తడిసిపోయాయి, వెనక్కి వచ్చేశాం.

ఇండియాకు తిరిగొచ్చే ముందు ఆ సైట్‌లో వంశవృక్షం పెట్టినవాళ్లకు ఒక ఉత్తరం రాశాను. జ్ఞాపకాల పుస్తకంలో ఏ పేజీ చూడాలో, ఏ స్పెల్లింగ్‌లతో వెతకాలో అన్నీ రాసి, తండ్రీకొడుకుల సర్వీసులు విడివిడిగా పెట్టమని కూడా అడిగాను. తొమ్మిది రోజులకు జవాబు వచ్చింది. తెరిచి చూస్తే తల్లి గడిలో షాజహాన్ బేగం అని ఉంది.