నిప్పుల గ్రహం

ఈ రోజు సాయంత్రమంతా బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్ ఫోటోషాప్‌లో ఒక అగ్నిగ్రహాన్ని తయారు చేయడంతోనే గడిచింది. మబ్బుల వంటి మచ్చలు గీసే క్లౌడ్స్ ఫిల్టర్ వేసి, దానిపై దాని మరో రకమైన డిఫరెన్స్ క్లౌడ్స్‌ను మళ్ళీ మళ్ళీ వేస్తూ పోతే బూడిద రంగు క్రమంగా చిట్లి, చలువరాతిలోని చారల వంటి నల్లని గీతలు తేలుతాయి. ఇన్వర్ట్ చేయగానే, అంటే నలుపు తెలుపులను తారుమారు చేయగానే, ఆ గీతలే వెలుగు పగుళ్ళవుతాయి. వెలుగునీడలను సర్దే లెవెల్స్‌తో మిగతా భాగాన్ని బాగా చీకటి చేసి, గుండ్రని సెలెక్షన్ మీద స్ఫెరైజ్ ఫిల్టర్ వేస్తే గోళం ఆకారం వచ్చేస్తుంది. ఇంతవరకు పెద్దగా ఆలోచించవలసిన పని లేదు.

అసలు ఆలోచన రంగుల దగ్గర మొదలైంది. శుక్రగ్రహం ఉపరితలం సుమారు 465 డిగ్రీల సెల్సియస్ వేడితో ఉంటుంది; అయినా ఆ నేల ఎర్రగా వెలగదు, ఎందుకంటే వేడెక్కిన ఘనపదార్థం మన కంటికి ఎర్రగా కనిపించడం మొదలయ్యేది సుమారు 525 డిగ్రీల వద్ద. బసాల్టు లావా 1,100 నుంచి 1,200 డిగ్రీల వరకు ఉండి నారింజ, పసుపు రంగుల్లో వెలుగుతుంది, చల్లారిన పైపొర మాత్రం నల్లగా మారిపోతుంది. అందుకే, బొమ్మలోని నలుపు నుంచి తెలుపు దాకా ఉన్న ఛాయలకు వరుసగా రంగులు కేటాయించే గ్రేడియంట్ మ్యాప్‌లో నలుపు నుంచి ముదురు ఎరుపు, నారింజ, లేత పసుపు వరకు వెళ్ళి అక్కడే ఆగాను. తెల్లని తెలుపు లావాకు అందని వేడికి గుర్తు. ఇలాంటి బొమ్మల్లో గోళం మొత్తాన్ని మంటలతో నింపేయడం పరిపాటి గాని, నా దృష్టిలో వేడిని నమ్మించేది నిప్పు కాదు, దాని చుట్టూ మిగిలిన నలుపే.

ఎక్కువ సమయం పట్టింది నీడకు. గ్రహం ఒక పక్కను చీకటిలో ముంచడానికి కింది రంగులను ముదురు చేసే మల్టిప్లై మోడ్‌లో, క్రమంగా పల్చబడే ఒక నల్లని గ్రేడియంట్ వేస్తే, ఆ పక్కన ఉన్న పగుళ్ళు కూడా మసకబారతాయి. రాతి మీద పడే వెలుగు నక్షత్రానిది కాబట్టి రాయి చీకటిలోకి వెళ్ళవచ్చు, కానీ లావా తన వెలుగును తానే ఇస్తుంది, దానికి పగలూ రాత్రీ తేడా ఉండకూడదు. కనుక పగుళ్ళను వేరే లేయర్‌గా (ఒకదానిపై ఒకటి పేర్చే పొరల్లో ఒకటిగా) తీసి, నీడకు పైన, స్క్రీన్ మోడ్‌లో పెట్టాను; ఆ మోడ్‌లో నలుపు కనిపించకుండా పోతుంది, వెలుగు మాత్రమే నిలుస్తుంది. అదే లేయర్‌కు నకలు తీసి అంచులను మసకబరిచే గాసియన్ బ్లర్ ఇవ్వడంతో పగుళ్ళ అంచుల చుట్టూ ఎర్రని కాంతి పరుచుకుంది.

గోళం వెలుపల కాంతివలయంలా వేసే అవుటర్ గ్లోను అతి పల్చగా ఉంచాను, ఎందుకంటే మందంగా వేస్తే అది గ్రహం కాక దీపంలా కనిపిస్తుంది. గ్రేడియంట్ మ్యాప్ అసలు బొమ్మను చెరపకుండా మార్చుకోగల విడి అడ్జస్ట్‌మెంట్ లేయర్‌గానే ఉంది కాబట్టి, రేపు ఇదే గోళానికి రంగులు మార్చి, బృహస్పతి ఉపగ్రహమైన అయోను పోలిన గంధకపు పసుపును ప్రయత్నించాలి.