వదినతో నల్లమల నడక

ఉగాదికి నాలుగైదు రోజుల ముందు నంద్యాల జిల్లా ఆత్మకూరులో బస్సు దిగితే కాసేపు ఏ రాష్ట్రంలో ఉన్నామో అర్థం కాదు. (నెల్లూరు వైపు ఇంకో ఆత్మకూరు ఉంది, బస్సెక్కేముందు అడిగి మరీ ఎక్కండి.) బోర్డులన్నీ తెలుగులోనే ఉంటాయి, రోడ్డు మీద వినిపించే మాట మాత్రం కన్నడం. బాగల్‌కోట, విజయపుర, బెళగావి, రాయచూరు వైపుల నుంచి రోజుల తరబడి నడిచి వచ్చే జనం వాళ్లంతా. భుజాన కావడి లాంటి కంబి, పాదాలకు గుడ్డపీలికలు, నోట మల్లయ్య పేరు. శ్రీశైలం భ్రమరాంబను వాళ్లు తమ ఇంటి ఆడపడుచు అనుకుంటారు. అందుకే చీరె, పసుపు కుంకుమలు పట్టుకుని వస్తారు. కర్నూలు, నందికొట్కూరు దాటి ఆత్మకూరు చేరి, వెంకటాపురం దగ్గర అడవిలోకి దిగుతారు. నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను, కైలాసద్వారం మీదుగా దాదాపు 40 కిలోమీటర్ల కాలిబాట.

2025లో ఉగాది మార్చి 30న వచ్చింది. ఆ జనంలో ఒంగోలు నుంచి వెళ్లిన మేమిద్దరం కూడా ఉన్నాం. మా పెద్దాడపడుచు, నేను.

మా ఇద్దరి సంగతి కొంచెం చెప్పాలి. పెళ్లయి ఇన్నేళ్లయినా వదినకూ నాకూ మధ్య మాటలకు లోటు లేదు గానీ చనువు మాత్రం లేదు. పండగలకు కలుస్తాం. బాగున్నారా అంటే బాగున్నావా అనుకుంటాం. సింకు దగ్గర గిన్నెలు నేను కడుగుతానంటే నేను కడుగుతానని పోటీ పడతాం. అంతే. కొండకు నడిచి వస్తానని ఆవిడ మల్లన్నకు మొక్కుకుంది. ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు. మావారికి సెలవు దొరక్క నన్ను తోడు పంపించారు. "అక్కకు అరవై దగ్గరపడ్డాయి, మోకాళ్ల నొప్పులు, కాస్త చూసుకో" అని నాకు చెప్పారు. వాళ్లక్కకు మాత్రం వేరేగా చెప్పారట: "ఇది నాగలూటి దాటదు. వెనక్కి తీసుకొచ్చి ఆత్మకూరులో బస్సెక్కించెయ్." ఈ సంగతి వదిన నాకు వెంకటాపురం రోడ్డు మీద చెప్పింది. రోషానికి ఓ నాలుగు కిలోమీటర్లు హాయిగా నడిచేశాను.

ఆ రోడ్డు మీద మధ్యాహ్నం తారు కరిగి కాళ్లకు అంటుకుంటోంది. ఒక రైతు తన ట్రాక్టరుకు నీళ్ల ట్యాంకరు తగిలించి, వాల్వు తిప్పి వదిలేసి, నెమ్మదిగా ముందుకు పోనిస్తున్నాడు. వెనక ఆ తడి ఆరేలోపు నడిచేయాలని చెప్పుల్లేని జనం గబగబా అడుగులేస్తున్నారు. మళ్లీ చెరువు దాకా వెళ్లి నింపుకుని వస్తాడట, పొద్దుటి నుంచీ అదే పని. "డీజిలు ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారయ్యా?" అని వదిన అడిగింది. ఆయన ముఖం చూస్తే ఆ ప్రశ్న నచ్చలేదని తెలిసిపోయింది. వదిన మారు మాట్లాడలేదు.

కాస్త అవతల ఒక దర్జీ కొట్టు ముందు బకెట్టు నిండా మజ్జిగ, స్టీలు గ్లాసులు. పోసేది ఇరవై దాటని కుర్రాడు. రంజాన్ ఉపవాసాలు అప్పటికింకా అయిపోలేదు. పెదవులు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి. తాను గుక్కెడు నీళ్లు ముట్టకుండా, వచ్చినవాళ్లందరికీ గ్లాసు నింపి ఇస్తున్నాడు. "నీకు దాహం వెయ్యట్లేదా నాయనా?" అన్నాను. "వేస్తుంది లేమ్మా. నువ్వింకో గ్లాసు తాగు, ముందుండేది అడవి" అన్నాడు.

అడవి సంగతి అతను ఊరికే అనలేదు. నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వ్ విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దది. మామూలు రోజుల్లో ఈ బాట మీద తిరగనివ్వరు, శివరాత్రికీ ఉగాదికీ వదులుతారు. ఎండాకులు మోకాలెత్తున పడి ఉంటాయి, చెట్లకు నీడ ఉండదు. గుంపు విడిచి నడవొద్దని అందరూ చెబుతూనే ఉంటారు. నాగలూటి వీరభద్రుడి గుడి దగ్గర కాసేపు కూర్చుని, మావారికి ఒక ఫొటో పంపిద్దామంటే సిగ్నల్ లేదు. అక్కడిదాకా అంతా బాగానే ఉంది.

ఆ తర్వాతే నా పని అయిపోయింది. కుడి మడమ మీద ఒక బొబ్బ, బొటనవేలి కింద ఇంకోటి. మందుల షాపులో కొన్న పట్టీలు చెమటకు గంట కూడా నిలవలేదు. పెద్దచెరువు చేరేసరికి చీకటి పడింది. నేను పాదం పక్కకు ఆనించి, వదిన భుజం పట్టుకుని నడుస్తున్నాను. ఎవరు ఎవరికి తోడు వచ్చారో చూసేవాళ్లకు ఇట్టే తెలిసిపోయేది.

అక్కడ బాగల్‌కోట వైపు వాళ్లు వేసిన టార్పాలిన్ పందిరి ఒకటి ఉంది. ఒక మూల జొన్నరొట్టెలు, శేంగా (వేరుశనగ) చట్నీ పొడి వడ్డిస్తున్నారు. ఇంకో మూల నూనె డబ్బా బోర్లించి, దాని మీద డెబ్బై దాటిన పెద్దాయన ఒకాయన కూర్చుని ఉన్నాడు. నుదుటికి టార్చి లైటు కట్టుకున్నాడు. ముందు వేణ్ణీళ్ల బేసిను. నన్ను చూడగానే "కుంద్రి అక్కారా, కుంద్రి" అన్నాడు. కూర్చున్నాను. ఆయన నా పాదం పట్టుకుని బేసినులో పెట్టేసరికి ప్రాణం చచ్చినట్టయింది. మా నాన్న కంటే పెద్దవాడు. కాలు లాక్కోబోతే వదిన వెనక నుంచి భుజం నొక్కింది. "ఊరుకో, ఆయన పని ఆయన్ని చేయనీ."

ఉప్పు నీళ్లతో కడిగాడు. పంచె కొంగుతో తుడిచి పాదాన్ని తన మోకాలి మీద పెట్టుకున్నాడు. కర్పూరం బిళ్ల వెలిగించి సూది మొన ఎర్రగా కాల్చాడు, నల్లదారం ఎక్కించాడు. బొబ్బకు ఒక అంచున గుచ్చి రెండో అంచున తీశాడు, అటూ ఇటూ అంగుళమంత దారం వదిలి కత్తిరించాడు. నీరు దారం వెంట ఒక్కో చుక్కా దిగిపోయింది. పై చర్మం మాత్రం అలాగే ఉంది. నొప్పి లేదంటే నమ్మరు. (ఊరికి తిరిగొచ్చాక మా డాక్టరుగారు ఆ దారం కథ విని నన్ను చెడామడా తిట్టారు, ఇన్‌ఫెక్షన్ వస్తే ఏం చేసేదానివని. ఆయన చెప్పింది సబబే, కాబట్టి మీరు ఇంట్లో ప్రయత్నించకండి.)

కట్టు కట్టడానికి పెద్దాయన దగ్గర గుడ్డ అయిపోయింది. చేత్తో సైగ చేసి అడిగాడు. వదిన తన సంచి తెరిచి, అడుగు నుంచి ఒక మూట తీసింది. నాలుగు వేళ్ల వెడల్పున చింపి, గుండ్రంగా చుట్టిపెట్టిన పీలికలు. ముదురాకుపచ్చ నేత, సన్నటి ఎర్ర అంచు. ఆ అంచు నాకు తెలుసు. అత్తయ్య మధ్యాహ్నాలు పని ముగించుకుని కట్టుకునే మంగళగిరి చీర అది. ఉతికి ఉతికి పాతబడి మెత్తబడిన చీర. అత్తయ్య పోయాక పట్టు చీరలు ఎవరికేవి కావాలో తీసుకోమంటే, వదిన ఇదొక్కటే చాలని పట్టుకుపోయింది.

"ఇది అత్తయ్యది కదా వదినా!"

"అయితే ఏంది? బీరువాలో దాచి పురుగు పట్టించేదానికంటే ఒకరి కాలికి వస్తే నయం గదా."

"మీ కాళ్లకని తెచ్చుకుని..."

"నావి మొద్దు కాళ్లు, వాటికేం కాదు. పాప పుట్టే ముందు నీ మడమలు పగిలి నువ్వు గోడ పట్టుకుని నడిచావు. అమ్మ వెన్న రాసేది. నాకు గుర్తులేదనుకున్నావా?"

నిజానికి నాకే గుర్తు లేదు. ఆ రోజుల్లో వదిన మా ఇంట్లో ఉన్నది ఎంతసేపని!

పెద్దాయన కట్టు బిగించి ముడి వేశాక రెండు వందలు తీసి ఇవ్వబోయాను. "రొక్కా బ్యాడ్రి" అని నవ్వేసి, నా వెనక వరుసలో ఉన్న వాళ్లను చూపించాడు. కాళ్లకు కర్రలు కట్టుకుని మరకాళ్ల మీద నడిచొచ్చిన ఒక కుర్రాడు, నిద్రపోతున్న మనవరాలిని భుజాన వేసుకున్న ముసలమ్మ, ఇంకా చాలామంది. వదిన మిగిలిన మూటంతా ఆయన ఒళ్లో పెట్టేసింది. ఆయన ఒక్క క్షణం దాన్ని చూసి, కళ్లకద్దుకుని, నుదుటి మీది టార్చి సర్దుకుని, "బర్రి" అని తర్వాతి మనిషిని పిలిచాడు.

తెల్లవారకముందే బయల్దేరాం. భీమునికొలను దగ్గర బాట నిట్టనిలువుగా లోయలోకి దిగి, మళ్లీ అంతకంతా పైకెక్కుతుంది. శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించింది ప్రోలయ వేమారెడ్డి అని బడిలో ఒక మార్కు కోసం చదువుకున్నాం. 14వ శతాబ్దపు రాతిమెట్ల మీద పాకుతుంటే ఆయన మీద గౌరవమూ కోపమూ రెండూ కలుగుతాయి, ఒక్కో మెట్టూ అంత ఎత్తు. తల పైకెత్తే ఓపిక లేక ముందు నడిచేవాళ్ల పాదాలే చూస్తూ ఎక్కుతున్నాను. వాటిలో కొన్నింటికి ముదురాకుపచ్చ పీలికలు. ఎర్ర అంచు వచ్చిన పీలిక ఒకటి ఆ ముసలమ్మ చీలమండకు ఉంది. వదినకు చూపించాను. "అమ్మకు కొండెక్కాలని ఉండేది, మోకాళ్లు పడనీలేదు" అని మాత్రం అంది.

సగం మెట్ల దగ్గర ఇద్దరు కుర్రాళ్లు మా సంచులు తీసుకుని "పైన ఇస్తాం అక్కా" అన్నారు. మేం తేరుకునేలోపు మలుపు తిరిగి మాయమైపోయారు. నా సంచిలో ఫోన్లు, పర్సు, వదిన బీపీ మాత్రలు. ఇక చూడండి టెన్షన్! మిగతా మెట్లు ఎలా ఎక్కానో నాకే తెలియదు. నొప్పి కూడా మర్చిపోయాను. వదిన మాత్రం, "దొంగలైతే ఈ మెట్ల మీద బరువు మోస్తారటే?" అంది. కైలాసద్వారం దగ్గర టీ అమ్మే చెంచు ఆమె మమ్మల్ని చూడగానే బల్ల కింద నుంచి సంచులు రెండూ తీసి ముందు పెట్టింది. "పసుపు చీర అక్క కుంటుకుంటా వస్తుంది, ఇయ్యమన్నారు" అంది. ఆ పిల్లలు మళ్లీ ఎవరి బరువు కోసమో కిందికి దిగిపోయారట. ఆమె మాత్రం టీకి డబ్బులు తీసుకుంది. హమ్మయ్య అనిపించింది నాకు.

శ్రీశైలంలో ఉగాది రద్దీ గురించి కొత్తగా చెప్పేదేముంది. గదులు లేవు, ఒక సత్రం వరండాలో దుప్పటి పరుచుకున్నాం. క్యూలో గంటలు గడిచాయి, లోపల నిలబడింది రెప్పపాటు. అమ్మవారి గుడి దగ్గర కన్నడం వాళ్లు తెచ్చిన చీరలు మోపులు మోపులుగా కనిపించాయి. వదిన మొక్కు తీరింది.

తిరుగు ప్రయాణంలో దోర్నాల ఘాట్ రోడ్డు దిగాక ఫోనుకు సిగ్నల్ వచ్చింది. వదిన వాళ్ల తమ్ముడికి ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. ఆయన మొదటి మాటే, "ఎక్కడ కూలబడింది అక్కా?" అని.

"ఎవరు, నీ పెళ్లామా? దానికేంరా, జింకలాగా ఎక్కింది. నాకే మోకాళ్లు పట్టేసి కదల్లేకపోతే, సంచీ మోసి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. అది లేకపోతే నేను పెద్దచెరువు దాటేదాన్ని కాదు."

నేను నోరు తెరవబోయాను. వదిన కళ్లతోనే వద్దంది. అవతల మావారు కాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత, "మార్కాపురంలో దిగి మంచి హోటల్లో ఏమైనా తినండి" అన్నారు. అప్పటి నుంచీ ఇంటికి ఎవరొచ్చినా మావారు ఈ కథే చెబుతున్నారు, చెప్పిన ప్రతిసారీ ఆ మెట్లు ఇంకాస్త ఎత్తు పెరుగుతున్నాయి. ఇది చదివాక మాత్రం వాళ్లక్కతో తేల్చుకోవాల్సిందే.