చీము కోసం ఎదురుచూసిన రోజులు

కీమో వార్డులో పలకరింపు ఒకటే: "కౌంట్స్ ఎంతొచ్చాయి?" రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యి కీమో మొదలుపెట్టినప్పుడు నా బెంగంతా జుట్టు గురించే. కౌంట్స్, అంటే రక్తకణాల లెక్క గురించి సిస్టర్ చెబుతుంటే తలూపానే గానీ పెద్దగా పట్టించుకోలేదు. జుట్టు ఊడితే దువ్వెనలో కనిపిస్తుంది. ఎముకల్లో మూలుగ మందగిస్తే ఎవరికి కనిపిస్తుంది?

కీమో మందు వేగంగా పెరిగే కణాల్ని కొడుతుంది. క్యాన్సర్ కణాలతో పాటు జుట్టు కుదుళ్లు, నోటి పొర, పేగుల పొర, మూలుగ కూడా ఆ దెబ్బ తింటాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషి మూలుగలో రోజుకి సుమారు 10,000 కోట్ల న్యూట్రోఫిల్స్ పుడతాయి. తెల్ల రక్తకణాల్లో ఎక్కువ భాగం అవే. ఒంట్లోకి సూక్ష్మజీవి దూరితే పరుగున వచ్చి మింగేసేవీ అవే. కానీ రక్తంలో వాటి ఆయుష్షు గంటల్లోనే ఉంటుంది. కొత్తవి పుట్టకపోతే ఉన్నవి ఇట్టే అయిపోతాయి. అందుకే మందు ఎక్కిన వారం పది రోజులకి కౌంట్ అడుగంటుతుంది.

సరిగ్గా ఆ సమయంలోనే నా చూపుడువేలికి గోరుచుట్టు లేచింది. నొప్పి ప్రాణం తీస్తోంది, చూస్తే మాత్రం వేలు మామూలుగా ఉంది. ఎరుపు లేదు, వాపు కూడా ఉందా లేదా అన్నట్టుంది. మా అత్తయ్య నిమ్మకాయకి బొక్క పెట్టి వేలికి తొడగడానికి తెచ్చారు. అటూ ఇటూ తిప్పి చూసి, "ఎర్రగా కూడా లేదు, ఇదేం గోరుచుట్టే?" అన్నారు. ఆ సాయంత్రమే చలి మొదలైంది. థర్మామీటర్ 101 దాటింది. రోకటిపోటు అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

100.4 వచ్చిందంటే ముందు పారాసిటమాల్ వేసుకోకుండా నేరుగా ఆసుపత్రికి రమ్మని డిశ్చార్జ్ కాగితం మీద రాసిచ్చారు. మా ఆయన ఆ కాగితాన్ని ఫ్రిజ్‌కి అంటించి ఉంచారు. క్యాజువాల్టీలో కల్చర్‌కి, అంటే క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్షకి రక్తం తీసి, రిపోర్టులు వచ్చేదాకా ఆగకుండా యాంటీబయాటిక్ ఎక్కించారు. ఇలాంటి జ్వరంలో మొదటి గంటే ముఖ్యమట. తర్వాత రిపోర్ట్ వచ్చింది. మైక్రోలీటరు రక్తంలో 4,000 నుంచి 11,000 మధ్య ఉండాల్సిన తెల్లకణాలు 600 ఉన్నాయి. న్యూట్రోఫిల్స్ 90. అవి 500 కంటే తగ్గితేనే ప్రమాదం అంటారు.

పొద్దున డాక్టర్ గారు వేలు నొక్కి చూసి, "చీము పట్టలేదు" అన్నారు. మంచిదే కదా డాక్టర్ గారూ అన్నాను. "కాదమ్మా, చీము పట్టడానికి మీ దగ్గర కణాలు లేవు" అన్నారాయన.

అప్పుడు విడమరిచి చెప్పారు. ఎరుపు, వాపు, వేడి చాలావరకు క్రిములు చేసే పనులు కావు, మన ఒంటి పనులే. చర్మం కింద కాపు కాసే మాక్రోఫేజ్ కణాలు బాక్టీరియా పైపొరను పోల్చుకుని రసాయనాలు వదులుతాయి. దాంతో అక్కడి రక్తనాళాలు వెడల్పవుతాయి, అందుకే ఎరుపు, వేడి. నాళాల్లోంచి నీరు ఊరుతుంది, అదే వాపు. న్యూట్రోఫిల్స్ నాళం గోడకి అతుక్కుని, సందుల్లోంచి జారి బయటికొచ్చి క్రిముల్ని మింగి చస్తాయి. చీములో ఎక్కువగా ఉండేది చచ్చిన న్యూట్రోఫిల్సే. ఆ పచ్చదనం కూడా వాటిలోని ఒక ఎంజైముదే. నా వేలిలో కబురు వెళ్తోంది గానీ వచ్చే దిక్కు లేదు. ఆ రసాయనాలు మెదడుకి చేరి జ్వరం మాత్రం తెప్పిస్తాయి. నాలాంటివాళ్లలో ఒక్కోసారి బయటికి కనిపించే గుర్తు జ్వరం ఒక్కటే. దాన్ని మాత్రతో అణిచేస్తే ఆ గుర్తూ పోతుంది.

మంచం మీద పడుకుని ఫోన్లో ఇదే చదివాను. 1882లో ఇటలీలోని మెస్సీనాలో మెచ్నికోవ్ అనే శాస్త్రవేత్త నక్షత్రచేప పిల్లల పారదర్శకమైన ఒంట్లో ముల్లు గుచ్చాడు. మర్నాడు చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. దాన్నుంచి మొదలైన పనికే 1908లో నోబెల్ వచ్చింది. టీకా అక్కర్లేని, ముందు పరిచయం అక్కర్లేని, పుట్టుకతో వచ్చే రక్షణ ఇది. ఆ నక్షత్రచేప పిల్లకి ఉన్నది నాకు లేదే అని ఏడుపొచ్చింది.

చూడ్డానికొచ్చిన బంధువులు తిప్పతీగ కషాయం తెచ్చారు, ఇమ్యూనిటీ పెరుగుతుందని. ప్రేమతో తెచ్చారు, కాదనను. కానీ మూలుగే పని ఆపేసినప్పుడు కషాయం దేన్ని పెంచుతుంది? పైగా ఈ దశలో చాలా ఇన్ఫెక్షన్లు మన పేగుల్లో, నోట్లో ఉండే బాక్టీరియా నుంచే వస్తాయట. పొర పుండైన చోట అవి రక్తంలోకి జారుకుంటాయి. నా నోరంతా పుండ్లే, చల్లారిన జావ కూడా మండేది.

మూలుగని తట్టిలేపే జి-సి-ఎస్-ఎఫ్ ఇంజెక్షన్లు పొట్టకి ఇచ్చారు. రొమ్ము మధ్య ఎముక, తుంటి, నడుము లోపల్నుంచి పగిలిపోతున్నంత నొప్పి. మూలుగ కదులుతోందనడానికి అదే గుర్తన్నారు. 90 కాస్తా 240 అయింది, తర్వాత 1,100. ఆ ఉదయమే వేలు ఎర్రబడి, ఉబ్బి, గుండెతో పాటు కొట్టుకోవడం మొదలుపెట్టింది. గోరు పక్కన పెసరగింజంత పసుపు చుక్క.

"చీము పట్టిందమ్మా!" అని సిస్టర్ నవ్వుతూ డాక్టర్ గారిని పిలుచుకొచ్చింది. మా అత్తయ్యకి ఆ నవ్వు అస్సలు నచ్చలేదు. సర్జన్ వచ్చి చిన్న గాటు పెట్టి చీము తీసేశారు. మొదటిరోజు తీసిన రక్తం కల్చర్‌లో ఏ క్రిమీ పెరగలేదు. చాలామందికి అంతేనట.

తర్వాతి విడత కీమో వారం వెనక్కి జరిపారు. ఈసారి కౌంట్ పడేదాకా ఆగకుండా, కీమో అయిన మర్నాడే ఎక్కువ రోజులు పనిచేసే ఇంజెక్షన్ ఇచ్చారు. న్యూట్రోఫిల్స్ వెయ్యి దిగలేదు. నడుం నొప్పి మాత్రం తప్పలేదు. పారాసిటమాల్ అడిగితే మా ఆయన ముందు థర్మామీటర్ చేతికిచ్చి, జ్వరం లేదని చూశాకే మాత్ర ఇచ్చేవారు.