నానన్నది అది కాదు మాస్టారూ

మన విజయనగరం బడి పూర్వ విద్యార్థుల సంచికకి ఏదైనా రాయమని కమిటీవాళ్లు ఫోన్ చేసినప్పుడు, మన సాహిత్య సంఘం మినిట్స్ పుస్తకం గురించి రాస్తానని చెప్పాను. ఆటల పోటీల గురించి, మన మాస్టార్ల గురించి నాకంటే బాగా రాయగలవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ పుస్తకం మాత్రం ఒక ఏడాదిపాటు నా చేతిలో ఉంది. 1966లో నేను పదో తరగతి. ఆ ఏడాది సంఘానికి నేనే కార్యదర్శిని.

శనివారం మధ్యాహ్నం ఆఖరి రెండు పీరియడ్లూ సంఘానివి. బల్లలు గోడవారకి జరిపి, మధ్యలో మాస్టారి కుర్చీ, పక్కన ఇత్తడి గంట పెట్టేవాళ్లం. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. నాలుగో నిమిషంలో ఒక గంట, ఐదో నిమిషంలో రెండు గంటలు. ఎవరు ఏ పక్షాన మాట్లాడాలో మన ఇష్టం కాదు. తెలుగు మాస్టారి టోపీలో చీటీలు వేసి తీసేవారు. నమ్మని పక్షం వస్తే ఆ వారమంతా టెన్షనే. చివర్లో చేతులెత్తించి ఓట్లు లెక్కపెట్టేవారు. ఆ తర్వాత వచ్చే శనివారం, సభ మొదలవగానే నేను లేచి గతవారం మినిట్స్ చదవాలి. "ఎవరికైనా అభ్యంతరాలున్నాయా?" అని మాస్టారు అడిగేవారు. ఎవరికీ ఉండేవి కావు. సంతకం పెట్టేవారు.

నన్ను కార్యదర్శిగా పెట్టింది నా చేతిరాత చూసి. మాట్లాడటం నాకు అంతగా రాదు. పుస్తకం చేతికి రాగానే పాత పేజీలు తిరగేసి, ముందటి కార్యదర్శులు ఎలా రాశారో అలాగే రాయడం మొదలుపెట్టాను. "సభాధ్యక్షులు ఆసీనులైన పిమ్మట ప్రార్థనాగీతముతో సభ ప్రారంభమైనది. వక్తలు తమ తమ అభిప్రాయములను సోదాహరణముగా వివరించిరి." అలా రాస్తుంటే నాకు చాలా పెద్దవాణ్ని అయిపోయినట్టుండేది.

ఒక ఆదివారం ఇంట్లో అరుగు మీద కూర్చుని రాసుకుంటుంటే తాతయ్య పుస్తకం అడిగి తీసుకున్నారు. తాతయ్యా మన బడిలోనే చదివారు, 1910 నుంచి 1914 వరకు. రెండు పేజీలు చదివి, "ఒరే, మీ వాళ్లెవరూ ఇలా మాట్లాడరు కదరా" అన్నారు. మాట్లాడేది వేరు, రాసేది వేరు అన్నాను నేను. "మా రోజుల్లోనూ ఇదే మాటరా" అని నవ్వి, ఆ సాయంత్రమంతా చెబుతూనే ఉన్నారు.

తాతయ్య చదివేటప్పుడు సంఘంలో సభలు ఇంగ్లీషులో జరిగేవి. పాఠాలే ఇంగ్లీషులో కాబట్టి వాదనలూ ఇంగ్లీషులోనే. చాలామంది షేక్‌స్పియర్ నాటకాల్లో ముక్కలు కంఠస్థం చేసి అప్పజెప్పేవారు. తెలుగు సభ అప్పుడప్పుడు వేరేగా ఉండేది. అందులో పద్యాలు చదవడం, సమస్యలిచ్చి పూరించమనడం. వచనంలో మాట్లాడాల్సి వస్తే మాత్రం పిల్లలకి నోరు పెగిలేది కాదట. ఇంట్లో "వచ్చాడు" అనేవాడు సభలో "ఏతెంచెను" అనాలి. ఆ మాట వెతుక్కునేలోపు చెప్పదలుచుకున్నది మరిచిపోయేవాడు.

అసలు ఆ గొడవంతా మన వైపునుంచే లేచిందని తాతయ్యకి గర్వం. 1906లో కోస్తా జిల్లాల బడుల తనిఖీకి జె.ఎ. యేట్స్ అనే దొర వచ్చాడు. జనం మాట్లాడే తెలుగుకీ, బళ్లో చెప్పే తెలుగుకీ అంత తేడా ఎందుకుందని ఆయనకి అనుమానం వచ్చింది. ఆ ప్రశ్న చివరికి పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారికీ, విజయనగరంలో గురజాడ అప్పారావు గారికీ చేరింది. వాళ్లిద్దరూ మన ఊళ్లోనే ఒకే తరగతిలో చదువుకున్నవాళ్లు. గురజాడ వారికి వాదసభలూ కొత్త కాదు. 1889లో ఆయన ఇక్కడి ఆనందగజపతి డిబేటింగ్ క్లబ్బుకి ఉపాధ్యక్షుడు. "కన్యాశుల్కం" 1892లో మొదట ఆడిందీ మన ఊళ్లోనే. నాలుగు రకాల మనుషులు నాలుగు రకాలుగా మాట్లాడే నాటకం రాసిన మనిషికి, అందరూ ఒకేలా మాట్లాడే సభ ఎలా నచ్చుతుంది? ఇది తాతయ్య మాట. నాకూ అదే నిజమనిపిస్తుంది.

బడిపిల్లలు వ్యాసం ఏ తెలుగులో రాయాలన్నది తాతయ్య చదువుకునే రోజుల్లో పెద్ద తగువు. 1911లో జయంతి రామయ్య పంతులు గారి పూనికతో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడింది. వాళ్లు గ్రాంథికం వైపు. బళ్లో పంతుళ్లు కూడా రెండుగా చీలిపోయారట. ఒకాయన "చేస్తున్నాడు" అని రాస్తే మార్కులు కోసేవారు, ఇంకొకాయన "చేయుచున్నాడు" కింద గీత గీసి, "మీ ఇంట్లో ఇలాగే అంటారా?" అని రాసేవారు. పిల్లలు పరీక్ష ముందు ఎవరు దిద్దుతారో కనుక్కునేవారు. గురజాడ వారిని తాతయ్య దూరం నుంచి చూశారు గానీ ఎప్పుడూ పలకరించలేదు. "పలకరించాల్సింది" అని ఆ సాయంత్రం రెండుసార్లు అన్నారు.

ఇంకొక సంగతి కూడా అప్పుడే తెలిసింది. మన సంఘంలో ఎప్పుడూ "కలం గొప్పదా, కత్తి గొప్పదా", "పల్లె మేలా, పట్నం మేలా" లాంటి విషయాలే ఉండేవి కదా. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ మన కోస్తా ఊళ్లు తిరిగి ఉపన్యాసాలిచ్చాక, రాజమండ్రిలో వందేమాతరం అన్న విద్యార్థుల మీద చర్యలు తీసుకున్నారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి చదువు అలాగే ఆగిపోయింది. ఆ మే నెలలోనే రిస్లీ సర్క్యులర్ వచ్చింది. విద్యార్థులు గానీ పంతుళ్లు గానీ రాజకీయ సభల జోలికి వెళ్లకూడదని దాని సారాంశం. ఆ తర్వాత బడి సంఘాల్లో ఏ పంతులు మాత్రం ధైర్యం చేసి దేశం సంగతి చర్చకు పెడతాడు? కలం, కత్తి, పల్లె, పట్నం మిగిలాయి. తెల్లవాళ్లు వెళ్లిపోయిన పంతొమ్మిదేళ్లకి కూడా మేము అవే విషయాల మీద మాట్లాడుతున్నామంటే, ఆ భయం ఎంతకాలం నిలిచిందో చూడండి.

మాకూ ఆ అనుభవం అయింది. 1966 నవంబరు 1న విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యమం మీద కాల్పులు జరిగాయి. ఊరంతా అదే మాట. బళ్లు మళ్లీ తెరిచాక, "విశాఖకు ఉక్కు ఎందుకు కావాలి" అన్న విషయం చర్చకు పెట్టమని మేము అడిగాం. పైనుంచి వద్దన్నారు. మా మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని, "సరే, పల్లె మేలా పట్నం మేలా" అని బోర్డు మీద రాశారు. మా అందరికీ నీరసం వచ్చింది. కానీ నాకు జన్మంతా గుర్తుండిపోయిన చర్చ అదే.

చీటీల్లో పట్నం పక్షం వచ్చినవాళ్లలో ఒకడు నెల్లిమర్ల అవతల ఒక పల్లె నుంచి వచ్చే నా తరగతివాడు. వాళ్ల నాన్న జూట్ మిల్లులో పనిచేసేవాడు. అతను సంఘంలో అప్పటిదాకా నోరు విప్పలేదు. పల్లె పక్షంవాళ్లు ముందు మాట్లాడారు. పచ్చని చేలు, పాడి, చల్లగాలి, కల్లాకపటం తెలియని మనుషులు. అందరూ పట్నం పిల్లలే, పల్లెకి సెలవుల్లో వెళ్లినవాళ్లే. చప్పట్లు బాగా పడ్డాయి. ఇతను లేచి రెండు నిమిషాలు కూడా మాట్లాడలేదు. మొదటి గంట కొట్టే పనే లేకపోయింది. ఒక నూతి గురించి ఏదో చెప్పి కూర్చున్నాడు. గదిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఓట్లలో పల్లె గెలిచింది.

ఆ వారం నేను మినిట్స్‌లో అతని గురించి ఒక్క వాక్యం రాశాను. "పట్టణములందు మంచినీటి సౌకర్యము మెండుగా కలదని వక్త తెలిపిరి." శనివారం చదివాను. అభ్యంతరాలున్నాయా అని మాస్టారు అలవాటుగా అడిగి, కలం మూత తీశారు. వెనక వరసలో చెయ్యి లేచింది.

"నానన్నది అది కాదు మాస్టారూ."

గది నిశ్శబ్దమైపోయింది. మినిట్స్ మీద అభ్యంతరం చెప్పడం మేమెవరం చూడలేదు. నాకు చెవులు వేడెక్కాయి. నా రాతని తప్పుపట్టాడన్న కోపం వచ్చిందని దాచుకోను. మాస్టారు అతన్ని కూర్చోమనలేదు. నన్ను అడిగారు, "అతను ఏమన్నాడో గుర్తుందా బాబూ?" గుర్తుంది. కానీ ఆ మాటలు ఆ పుస్తకంలో పట్టవనిపించింది నాకు. పట్టేలా చెయ్యడానికి నీళ్ల సౌకర్యం చేసేశాను. మాస్టారు కలం మూత పెట్టేశారు. "అతన్ని అడిగి మళ్లీ రాయి. తను ఔనన్నాక సంతకం పెడతాను" అన్నారు.

సోమవారం మధ్యాహ్నం అన్నాల బెల్లు కొట్టాక ఇద్దరం కిటికీ దగ్గర కూర్చున్నాం. మొదట ఇలా రాశాను. "తమ గ్రామమునందలి బావిని అన్ని కులములవారు ఉపయోగించుకొను వీలు లేదని..." అతను చదివి, "వీలు లేదని కాదు. రానివ్వరు" అన్నాడు. కొట్టేసి, "రానివ్వరు" అని రాశాను. "ఎవుల్ని?" అన్నాడు. "మీ కులం వాళ్లని" అన్నాను. అతను నా ముఖంలోకి చూసి, "మాయమ్మని" అన్నాడు.

అప్పటికి నా వయసు పదిహేను. మా పెరట్లోనూ నుయ్యి ఉంది. పొద్దున్నే గిలక చప్పుడుకి లేచేవాణ్ని. దాని దగ్గరికి ఎవరు వస్తారు, ఎవరు వీధి గుమ్మం దగ్గరే ఆగిపోతారు అన్నది నేను రోజూ చూస్తూనే ఉన్నాను. కానీ నాకు అది కనిపించలేదు. నూతుల దగ్గర అలా ఆపడం నేరమని 1955లోనే చట్టం వచ్చిందని మాస్టారు తర్వాత తరగతిలో చెప్పారు. పదకొండేళ్లయినా ఆ చట్టం ఆ పల్లె నూతి దాకా నడిచి వెళ్లలేదు. మా పెరటి దాకానూ రాలేదు.

మూడోసారి అతను చెబుతుంటే అతని మాటల్లోనే రాశాను. "మా ఊరి నూతి కాడికి మాయమ్మని రానివ్వరు. ఎవులో తోడి పొయ్యాల. అందాకా కడవట్టుకుని దూరంగా నిలబడతాది. ఇజీనారంలో కుళాయి కాడ వరసలో నిలబడితే ఎవులూ ఏటీ అడగరు. అందుకే పట్నమే మేలంటాను." శనివారం ఇది చదువుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ప్రార్థనాగీతం, ఆసీనులు, సోదాహరణం మధ్యలో ఆ ఐదు వాక్యాలు. అభ్యంతరాలున్నాయా అని మాస్టారు అతని వైపు చూసి అడిగారు. లేవన్నట్టు తలూపాడు. సంతకం పెట్టారు.

తాతయ్యకి ఆ పేజీ చూపించాను. రెండుసార్లు చదివించుకున్నారు. చాలాసేపటికి గురజాడ వారి సంగతి ఎత్తారు. వ్యాసరచన ఏ భాషలో ఉండాలో తేల్చడానికి మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన సంఘంలో ఆయనా సభ్యుడు. ఎక్కువమంది గ్రాంథికమే అన్నారు. ఆయన ఓడిపోయారు. ఓడిపోయి ఊరుకోకుండా, ఎందుకు ఒప్పుకోనో వివరంగా రాసి 1914లో ఇచ్చారు. అదే అసమ్మతి పత్రం. మరుసటి ఏడాది నవంబరులో పోయారు. "గెలిచినవాళ్లు ఏం రాశారో ఎవరికీ పట్టదిప్పుడు. మనం మాట్లాడుకునేదంతా ఈయన రాసిందే" అన్నారు తాతయ్య.

ఆ మాట నేను మాస్టారికి చెప్పాను. ఆ తర్వాత ఏడాది చివరిదాకా మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఓట్ల లెక్క కింద, ఓడిపోయిన పక్షం చెప్పిన బలమైన మాట ఒకటి, చెప్పినవాళ్ల మాటల్లోనే రాయాలి. వాళ్లు చదివి సరేనన్నాకే సంతకం. అందువల్ల నాకు పని మూడింతలైంది. ఒకళ్ల వాదన వాళ్లే ఒప్పుకునేలా రాయడం, దానికి జవాబు చెప్పడం కన్నా కష్టం. తర్వాత ముప్ఫైయేళ్లు ఆఫీసుల్లో ఎన్నో మీటింగులకి మినిట్స్ రాశాను. పైవాళ్లకి నచ్చేలా రాయమని ఒత్తిడి వచ్చిన ప్రతిసారీ వెనక వరసలో ఆ చెయ్యి లేచేది.

ఇప్పటి పిల్లలకి వక్తృత్వ పోటీలున్నాయి, కప్పులున్నాయి. ఓడిపోయినవాడి మాట రాసిపెట్టేవాళ్లు లేరు. కమిటీని నేను అడిగేది ఒకటే. ఈ ఏడాది వార్షికోత్సవానికి బడికి ఏదైనా ఇవ్వాలనుకుంటే, గట్టి అట్ట ఉన్న ఒక గీతల పుస్తకం, ఒక ఇత్తడి గంట ఇద్దాం. శనివారం రెండు పీరియడ్లు ఇమ్మని హెడ్మాస్టరు గారిని అడగడానికి నేనే వస్తాను.

మా పుస్తకం లేదు. వానలకి రికార్డుల గది కారి, తడిసినవన్నీ కట్టలు కట్టి పారేశారని తెలిసింది. కిందటిసారి మనందరం కలిసినప్పుడు ఆ స్నేహితుడు వచ్చాడు. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. గంటస్తంభం దాకా నడుచుకుంటూ వెళ్లాం. పుస్తకం పోయిందని చెప్పి, ఆ ఐదు వాక్యాలూ నాకు నోటికి వచ్చని అప్పజెప్పాను. మధ్యలో ఆగి నా భుజం పట్టుకున్నాడు.

"దూరంగా కాదురా. ఆ రోజు కిటికీ కాడ సెప్పాను, నువ్వు రాసుకోలేదు. మళ్లీ అడగడం ఎందుకని ఊరుకున్నాను. ఎండలో అన్నాను."

మా ఊరి నూతి కాడికి మాయమ్మని రానివ్వరు. ఎవులో తోడి పొయ్యాల. అందాకా కడవట్టుకుని ఎండలో నిలబడతాది.